బల్లి క్యాసెట్టు

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు. దేవరాజులు తన పెళ్ళికి తానే బల్లిని పెట్టుకుపోయాడు. అది గోడమీద పాకే మామూలు బల్లి అయితే ఈ కథే లేదు. సముద్రంలోంచి లేచి, మేడలను మోకాళ్ళతో తోసుకుంటూ నడిచే జపాను బల్లి. వీడియో క్యాసెట్టు రూపంలో, సూట్‌కేసులో, పట్టుపంచెల మడతల మధ్య భద్రంగా పడుకుని పుంగనూరు నుంచి కుప్పం దాకా వచ్చింది.

దేవరాజులుకు పుంగనూరు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. బిందె మీద వేలితో కొట్టి చూపించి, పేరు చెక్కించి మరీ ఇచ్చే మర్యాదస్తుడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. తెరమీద ఎంత పెద్ద జంతువు ఎంత పెద్ద ఊరిని తొక్కితే అతనికి అంత ఆనందం. ఇరవై ఏడేళ్ళ మనిషి, మీసాలు పెంచినవాడు, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పిచ్చే. అయినా పిచ్చికి సిగ్గుంటే అది పిచ్చెందుకవుతుంది?

ఈ పిచ్చికి విత్తనం పడింది చిన్నతనంలో, భారతం ఆడే మైదానంలో. ఆ పక్క ఊళ్ళలో మహాభారతం ఆడేటప్పుడు ఆఖరిరోజున మట్టితో దుర్యోధనుణ్ణి చేసి నేలమీద పడుకోబెడతారు. ఒక్కో వేలూ మనిషి కాలంత ఉంటుంది. భీముడి వేషగాడు ఆ ఒళ్ళంతా ఎక్కి దిగి, రంకెలు వేసి, చివరికి గదతో తొడ పగలగొడతాడు. జనమంతా భీముడి పక్షం. దేవరాజులొక్కడూ నాయన భుజాలమీద కూర్చుని, ఈ మట్టిమనిషి ఒక్కసారి లేచి కూర్చుంటే ఎట్లుంటుందో అని ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఏ ఏడాదీ లేవలేదు. ఆ కోరిక తీర్చినవాళ్ళు జపానువాళ్ళు. మదనపల్లె థియేటర్లో ఉదయం ఆటకు అలాంటి సినిమా ఒకటి చూసి వచ్చిన రోజున అతనికి అన్నం సయించలేదు.

తొంభైమూడులో పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు కుప్పం పిల్ల, పేరు మునీశ్వరి. బట్టలు తీసుకోవడానికి మదనపల్లె పోయినప్పుడు, శ్రీరాములు వీడియో లైబ్రరీలో పాత క్యాసెట్లు అమ్మేస్తున్నారు. ఇంటింటికీ కేబుల్ వచ్చాక బాడుగకు క్యాసెట్టు తీసుకుపోయేవాడు కరువయ్యాడు. ఆ గుట్టలో, పేరు సగం చెరిగిపోయి, అట్టమీద తోక మాత్రం మిగిలిన క్యాసెట్టు ఒకటి దేవరాజులుకు కనబడింది.

"అది ఎవరూ తీసకపోరప్పా," అన్నాడు శ్రీరాములు. "తెలుగు లేదు, పాటల్లేవు. ఉత్త బల్లి."

దేవరాజులుకు కావలసిందీ అదే.

కొన్నాడు గానీ, చూడడానికి ఇంట్లో వీసీఆర్ డెక్కు లేదు. అందుకని విడిదింటికి పట్టుకుపోయాడు. మగపెళ్ళివారికి పొద్దుపోవడానికి విడిదిలో కలర్ టీవీ, డెక్కు బాడుగకు తెచ్చి పెట్టడం అప్పటి మర్యాదల్లో ఒకటి. పెళ్ళినాడు పొద్దున్నే బంధువులంతా టిఫిన్లకు పోగా, పెళ్ళికొడుకు ఒంటికి పసుపుతో, నడుముకు తువ్వాలుతో టీవీ ముందు చతికిలబడ్డాడు. బల్లి సముద్రంలోంచి లేచింది. ఓడలు ముంచింది. కరెంటు స్తంభాలు తెంచింది. సైన్యం వచ్చింది, పారిపోయింది. చివరికి ఊరి నడుమ పెద్ద వంతెన మీదికి వచ్చింది. వంతెన మీద జనం. బల్లి మెల్లగా నోరు తెరిచింది. గొంతులో ఏదో నీలంగా వెలిగింది.

సరిగ్గా అప్పుడే మంగళస్నానానికి పిలుపొచ్చింది. "ఇదో, వస్తాండా" అంటూ కూర్చున్నవాణ్ణి మేనత్తలు ఇద్దరు రెక్క పట్టి లాక్కుపోయారు. పోతూ పోతూ అతను కాలివేలితో స్టాప్ మీట నొక్కాడు. ఆ పని చేయకుండా ఉంటే, సినిమా తనపాటికి తాను అయిపోయి ఉండేది. కానీ ఎక్కడ ఆపాడో అక్కడే టేపు నిలబడిపోయింది.

ఇక్కడ భీమరావు గురించి చెప్పాలి. ఆయన మదనపల్లె నుంచి వచ్చిన వీడియోగ్రాఫరు. భుజాన పెద్ద కెమెరా, వెనకాల లైటు పట్టుకునే మనిషి. పెళ్ళికొచ్చిన ప్రతి మొహమూ క్యాసెట్టులో పడాలన్నది ఆయన నీతి. ఒక్క మొహం తప్పిపోయినా ఆ ఇంటి పెళ్ళి ఇంకొకరికి పోతుంది మరి. ఆ నీతి ప్రకారం పంక్తి పంక్తినీ, విస్తరి విస్తరినీ, ఉప్మా తినేవాళ్ళనూ, ఉప్మా అడిగేవాళ్ళనూ, ఉప్మా అయిపోయిందని అలిగినవాళ్ళనూ తీశాడు. తీరా పెళ్ళికొడుకు పీటలమీద కూర్చునేసరికి కెమెరాలో క్యాసెట్టు అయిపోయింది. ఇంకో క్యాసెట్టు ముందురోజు ఎదురుకోలుకే అయిపోయింది. కల్యాణమంటపం ఊరి బయట, ముహూర్తం నెత్తిమీద.

"క్యాసెట్టు ఏదైనా ఉండాదా అప్పా?" అని భీమరావు చెమటలు కక్కుతూ అడిగాడు.

పెళ్ళికూతురి తమ్ముడు నల్లప్ప ఉత్సాహవంతుడు. ఉత్సాహవంతులతోనే లోకానికి సగం కష్టాలు. ఒక్క పరుగున విడిదికి పోయి, డెక్కులో ఉన్న క్యాసెట్టు లాక్కొచ్చి ఇచ్చాడు. "ఏందో బల్లి సినిమాన్నా, పనికొస్తాదా?"

అమ్మకానికి వచ్చే సినిమా క్యాసెట్లకు వెనకవైపు చిన్న ప్లాస్టిక్ రేకు విరిచి ఉంటుంది. అది లేకుంటే దానిమీద రికార్డు కాదు. భీమరావు అటూ ఇటూ చూసి, తాంబూలం పళ్ళెంలోంచి ఒక తమలపాకు తీసి, మడిచి మడిచి ఆ చిల్లులో కుక్కాడు. కెమెరా ఒప్పుకుంది. నాగస్వరం అందుకుంది. పీటలమీద తలవంచుకుని కూర్చున్న పెళ్ళికొడుకు, వంతెన కూలి ఉంటుందా, నిలిచి ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు.

పెళ్ళయిన వారానికి పుంగనూరులో డెక్కు బాడుగకు తెచ్చి పెడితే, క్యాసెట్టు చూడడానికి బంధువులంతా చేరారు. కూతుర్ని దిగబెట్టడానికి వచ్చిన అత్తగారు గంగులమ్మ ముందు వరసలో కూర్చుంది. ముహూర్తం ఆఖరి క్యాసెట్టులో ఉందని భీమరావు చెప్పి పంపాడు గానీ, ఆ ఆఖరి క్యాసెట్టు ఏదో ఎవరూ చెప్పలేదు. పెట్టగానే తెరనిండా సముద్రం.

"పెండ్లి కుప్పంలో గదా అయింది, సముద్రం యాడిది?" అంది ఒక ముసలమ్మ.

"మిక్సింగు," అన్నాడు తెలిసినవాడొకడు.

ఆ రోజుల్లో పెళ్ళి క్యాసెట్టంటే మొదట జలపాతాలు, గులాబీలు, ఎగిరే హంసలు ఉండి తీరాలి. కాబట్టి జనం ఓపికగా కూర్చున్నారు. ఓడ మునిగినా కూర్చున్నారు. భీమరావు ఈసారి బాగా ఖర్చుపెట్టి చేశాడని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. దేవరాజులు ఒక్కడికే ఒళ్ళు చల్లబడింది. క్యాసెట్టు గుర్తుపట్టాడు, తమలపాకు చూశాడు, అయినా ఆశ చావలేదు. బల్లి కథ అయిపోయాకే పెళ్ళి మొదలవుతుందేమో, అంత దయ దేవుడికి ఉండకపోతుందా అనుకున్నాడు.

బల్లి వంతెన మీదికి వచ్చింది. నోరు తెరిచింది. గొంతులో నీలంగా వెలిగింది.

పీ... పీ... డుం డుం డుం!

తెరనిండా బాసికం కట్టుకున్న మునీశ్వరి మొహం.

"సెడిపాయె!" అన్నాడు దేవరాజులు, నట్టింట్లో, పదిమంది వినేట్టుగా.

ఎవరూ పట్టించుకోలేదు. గంగులమ్మకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. పెళ్ళి క్యాసెట్టులో బల్లి ఉండడం శుభమా, అశుభమా? మరునాడే పురోహితుడి దగ్గరికి పోయింది. ఆయన పంచాంగంలో బల్లి శాస్త్రం పుట తీసి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"యాడ పడిందమ్మా? తలమీదనా, భుజం మీదనా?"

"వంతెన మీద సామీ."

ఆయన పుట చివరిదాకా వెతికాడు. "వంతెనకు ఫలం రాయలేదమ్మా," అన్నాడు నిజాయితీగా. "ఎంత బల్లి?"

"మన గుర్రంకొండ కోట ఎంతుండాదో, అంత."

పురోహితుడు పంచాంగం మూసేసి, ఇద్దరి చేతా నువ్వుల దీపం పెట్టించమన్నాడు.

ఆనాటి నుంచి దేవరాజులు బతుకులో లోటంటూ ఉంటే అది ఒక్కటే: వంతెన ఏమైంది? జనం ఏమయ్యారు? బల్లి గెలిచిందా, చచ్చిందా? సినిమా పేరు కూడా తెలియదు, అడగడానికి. మదనపల్లె, పలమనేరు, చిత్తూరు, ఎక్కడ సరుకుకు పోయినా క్యాసెట్ల అంగడి మెట్లెక్కి, "నోరు తెరిస్తే నీలంగా వెలిగే బల్లి" అని వర్ణించేవాడు. వాళ్ళు అతన్ని ఎగాదిగా చూసి, పాములు పగబట్టే సినిమాలు తీసి చూపించేవారు.

అన్నిటికంటే వింత, ఆ క్యాసెట్టు ఆ ఇంట్లో తెగ ఆడింది. ఇంటికి డెక్కు వచ్చాక, చుట్టాలొస్తే మునీశ్వరి పెళ్ళి చూపించేది. చూపించే ముందు దేవరాజులు, "మొదటి నుంచీ పెట్టు, టేపుకు మంచిది" అని ఏదో శాస్త్రం చెప్పి బల్లిని చూసేవాడు. బల్లి నోరు తెరిచేది. మేళం మోగేది. ఇతను "సెడిపాయె!" అని లేచి అంగడికి పోయేవాడు. తాళి కట్టడం ఏనాడూ చూడలేదు. కట్టినవాణ్ణి నేనే గదా, చూసేదేముంది అనేవాడు.

కూతురు అనూష పుట్టి, ఆ క్యాసెట్టు చూస్తూనే పెరిగింది. ఆ పిల్ల లెక్కలో అదంతా ఒకే కథ. బల్లి ఊరిమీద పడుతుంది, సైన్యం వల్ల కాదు, అప్పుడు అమ్మా నాయనా పెళ్ళి చేసుకుంటారు, మేళానికి బెదిరి బల్లి పారిపోతుంది. బడిలో టీచరు దేశాన్ని కాపాడేది ఎవరు అని అడిగితే, "మా అమ్మ" అని చెప్పి వచ్చింది. అబద్ధం కాదని ఇంటికొచ్చి ఒట్టు కూడా పెట్టుకుంది.

తరువాత సీడీల కాలం వచ్చింది. మదనపల్లెలో ఒక అంగడిలో దేవరాజులుకు ఆ తోక మళ్ళీ కనబడింది. పెట్టెలో రెండు సీడీలు. ఇంటికి తెచ్చి, మొదటిది వదిలేసి, తిన్నగా రెండోది పెట్టాడు. సముద్రం. బల్లి లేచింది. మళ్ళీ అదే ఓడ. రెండు సీడీల్లోనూ మొదటి సగమే ఉంది. తిరిగి పోయి అడిగితే అంగడివాడు, "మొదటి సగమే గదప్పా బాగుండేది, రెండుసార్లు సూసుకో" అని తీర్పు చెప్పాడు. అదృష్టవంతుణ్ణి చెరపలేరు, దురదృష్టవంతుణ్ణి బాగుచేయలేరు అనుకుని దేవరాజులు బస్సెక్కాడు.

ఇలా ఉండగా, రెండువేల ఆరులో ఒక ఆదివారం కుప్పం నుంచి నల్లప్ప ఫోను చేశాడు. నల్లప్పకు ఇప్పుడు పెళ్ళయింది, పొట్ట వచ్చింది, ఉత్సాహం మాత్రం తగ్గలేదు. ఆనాడు క్యాసెట్టు లాక్కొచ్చిన పాపం అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

"బావా! దొరికిండాది! రైల్వే స్టేషన్ పక్కన బంకులో, బెంగళూరు నుంచి వచ్చిన డీవీడీ. ఒకటే డిస్కు, మొత్తం ఉండాది. వంతెన దాకా పెట్టి సూసి ఆపేసినా. నువ్వు లేకుండా సూడకూడదని."

దేవరాజులు అంగడి షట్టరు దించేశాడు. ఇంటికొచ్చి, "పదండి, కుప్పం పోదాం" అని హడావుడి చేశాడు. సంతోషంలో మనిషికి నోటిమీద అదుపుండదు. సంచీ సర్దుతున్న మునీశ్వరితో, "ఇంగ ఆ పాత క్యాసెట్టుతో పని లేదులే, పారేసినా పారేయొచ్చు" అన్నాడు.

మునీశ్వరి చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది.

"ఆ క్యాసెట్టులో నా పెండ్లి ఉండాది," అంది.

"అది సరే, నేననేది..."

"నీకు తెల్దులే. ఇన్నేండ్లుగా ఆ బల్లి పోతాది, నేనొస్తా. నేను రాంగానే నువ్వు 'సెడిపాయె' అంటావు. సుట్టాల ముందర అంటావు, నా బిడ్డ ముందర అంటావు. ప్రతిసారీ నా మొగం సూసి అనేమాట అదే. నేను ఇంటానే ఉండాను."

కోపంగా అని ఉంటే దేవరాజులు ఏదో ఒకటి అనేవాడు. ఆమె మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పి, చీర మడిచి సంచీలో పెట్టింది. పలమనేరు దాటింది, వీకోట దాటింది, అతను బస్సు కిటికీలోంచి మైలురాళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాడు. బల్లికని అన్న మాట ఇన్నాళ్ళూ పోయి ఎవరికి తగులుతోందో అతనికి ఆ బస్సులో కూర్చుంటేగానీ తెలియలేదు. నిజంగా సిగ్గేసింది. క్షమించమని అడుగుదామంటే మధ్యలో అనూష కూర్చుని, బల్లికి భాష వస్తుందా అని అడుగుతోంది.

కుప్పంలో అత్తగారింటి హాల్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. భోజనాలయ్యాయి. నల్లప్ప కిటికీలు మూసి, డీవీడీ పెట్టి, పెళ్ళి చేయిస్తున్న పురోహితుడిలా రిమోటు పట్టుకుని నిలబడ్డాడు. గంగులమ్మ కుర్చీ ముందుకు జరిపించుకుంది. మునీశ్వరి వెనకాల, వాకిలి దగ్గర, గోడకు ఆనుకుని కూర్చుంది.

బొమ్మ ఎంత తేటగా ఉందంటే, బల్లి వీపున కుట్లు కూడా కనబడ్డాయి.

"లోపల మనిషి ఉండాడు," అంది గంగులమ్మ తేల్చేస్తూ. "మన భారతంలో భీముడు ఎగిరినట్టే ఎగరతాండాడు. పాపం, ఉక్కబోస్తాదేమో."

ఓడలు మునిగాయి. సైన్యం వచ్చింది, పారిపోయింది. దేవరాజులు ముందుకు వంగాడు. పదమూడేళ్ళుగా ఎదురుచూసిన వంతెన వచ్చింది. జనం కేకలు. బల్లి మెల్లగా నోరు తెరిచింది. గొంతులో నీలంగా వెలిగింది.

అనూష అలవాటుగా చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ ఎత్తింది. గంగులమ్మ చీర సర్దుకుంది. ఆ తరువాత తెరమీదికి వచ్చేది ఆమె కూడా గదా. దేవరాజులు చెవులు వాటంతట అవే నాగస్వరం కోసం నిక్కబొడుచుకున్నాయి.

మేళం మోగలేదు. నోట్లోంచి నిప్పు వచ్చింది. వంతెన నడిమికి విరిగింది.

"సెడిపాయె!" అన్నాడు దేవరాజులు.

హాలంతా అతని వైపు తిరిగింది. నల్లప్ప మొహం పాలిపోయింది. "ఏమైంది బావా? ఇదీ కాదా?"

"ఏం సెడిపాయె?" అంది వెనకనుంచి మునీశ్వరి.

దేవరాజులు వెనక్కి తిరిగాడు. తనేమన్నాడో అప్పటికిగానీ అతనికే తెలియలేదు. వాకిలి దగ్గర కూర్చున్న భార్యను చూశాడు.

"నువ్వు రాకపోతివే!" అన్నాడు.

అత్తగారు ఉంది, బామ్మర్ది ఉన్నాడు, కూతురు ఉంది. నలభై ఏళ్ళ మనిషి అలా అనేశాడు. మునీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదట నవ్వింది. తరువాత కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నవ్వింది. గంగులమ్మ ఏమీ అర్థం కాక, అల్లుడికి నువ్వుల దీపం ఇంకోటి పెట్టించాలేమో అనుకుంది. దేవరాజులు లేచిపోయి భార్య పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె ఏదో అంది, ఇతను ఏదో అన్నాడు. మళ్ళీ టీవీ వైపు తిరిగేసరికి సముద్రం ప్రశాంతంగా ఉంది. తెరమీద జపాను పేర్లు పైకి పాకుతున్నాయి.

"అంతేనా?" అంది అనూష, మోసపోయినట్టు. "తాళి యాడ కట్టినారు?"

"బావా, నువ్వు సూడనేలేదు!" నల్లప్ప నెత్తి కొట్టుకున్నాడు. "ఉండు, ఎనక్కి తిప్పతా."

"వద్దులేప్పా," అన్నాడు దేవరాజులు.

అంత గొప్పగా వద్దన్న మనిషి, పుంగనూరు వచ్చాక ఒక మధ్యాహ్నం అంగడి మూసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నల్లప్ప ఇచ్చి పంపిన డీవీడీ పెట్టుకుని చివరిదాకా చూశాడు. అభిమానం అభిమానమే, ఎవరేమనుకుంటే ఏం? అంతా అయ్యాక అటకమీద డెక్కు దించి, దుమ్ము తుడిచి, పాత క్యాసెట్టు పెట్టాడు. వెనక చిల్లులో తమలపాకు ఎండి నల్లబడి ఇంకా అట్లాగే ఉంది. మునీశ్వరి కూరగాయలతో వాకిట్లోకి వచ్చేసరికి మేళం మోగుతోంది. ఇతను మంచం మీద బాసింపట్టు వేసుకుని, బాసికం కట్టుకున్న అమ్మాయి పక్కచూపుతో పెళ్ళికొడుకును చూసి నవ్వు ఆపుకోవడం చూస్తున్నాడు. ఆ పెళ్ళికొడుకు ఎటో చూస్తున్నాడు, వెధవ.

"డీవీడీ సూసినట్టుండావే," అంది మునీశ్వరి సంచీ దించుతూ. "కవరు బయటే పడుండాది. ఎట్లుండాది ఆఖరు?"

"బాగానే ఉండాది," అన్నాడు దేవరాజులు తెరమీదినుంచి చూపు తిప్పకుండా. "పెండ్లే లేదు."